చీర మీద మూడు ముద్రలు, మజూరీ మీద ఒక్కటీ లేదు

పోయిన దసరాకి ముందు మా చెల్లెలి పెళ్లి చీరల కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్లాం. సేల్స్ కుర్రాడు ఇక్కత్ పట్టుచీర ఒకటి తీసి, ఒక్క విదిలింపుతో కౌంటర్ మీద పరిచాడు. కొంగు చివర దారానికి మూడు చీటీలు వేలాడుతున్నాయి. ఒకటి సిల్క్ మార్క్, రెండోది హ్యాండ్‌లూమ్ మార్క్, మూడోది పోచంపల్లి జీఐ గుర్తు. "అన్నీ ఒరిజినల్ సార్, మీరిచ్చేది నేరుగా నేతన్నకే వెళ్తుంది" అన్నాడు. "ఇందులో నేసినాయనకి ఎంత వెళ్తుంది తమ్ముడూ?" అని అడిగాను. చీటీలు మూడూ తిప్పి చూసి, "అది వీటి మీద రాయరు సార్" అని నవ్వేశాడు.

ఆ కుర్రాడు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ఒక్కో చీటీ ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతుంది. మనం అడగాలనుకున్న ప్రశ్నకి మాత్రం ఏ చీటీ మీదా జవాబు లేదు. ఈమధ్య చేనేత అమ్మకాల్లో ఫెయిర్ ట్రేడ్ అనే మాట తరచుగా వినిపిస్తోంది. న్యాయమైన వ్యాపారం అని తెలుగులో అనుకోవచ్చు. ఏది దేనికి హామీ, ఏది కాదు, అసలు న్యాయం ఎక్కడ తప్పుతోంది అన్నది కాస్త ఓపిగ్గా విప్పి చూస్తే తప్ప ఆ మాట కూడా నాలుగో చీటీగా మిగిలిపోతుంది.

ఏ ముద్ర ఏం చెబుతుంది

సిల్క్ మార్క్ 2004లో కేంద్ర పట్టు మండలి చొరవతో వచ్చింది. దారం అసలు పట్టేనా, అందులో పాలిస్టర్ కలిసిందా అన్నదే దాని పట్టింపు. మరమగ్గం మీద నేసిన పట్టుకి కూడా అది వస్తుంది. 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్క్‌కి దారంతో పనిలేదు, మగ్గంతోనే పని. చేత్తో నేశారా, కరెంటుతో నేశారా అన్నంతవరకే అది చూస్తుంది. జీఐ అంటే భౌగోళిక గుర్తింపు. 1999లో చేసిన చట్టం 2003లో అమల్లోకి వస్తే, 2005 నాటికే పోచంపల్లి ఇక్కత్‌కి ఆ గుర్తింపు దక్కింది. తర్వాత ఉప్పాడ జామ్‌దానీ, వెంకటగిరి, గద్వాల, నారాయణపేట, మంగళగిరి, ధర్మవరం, సిద్దిపేట గొల్లభామ, పుట్టపాక తేలియా రుమాలు వరస కట్టాయి. ఊరి పేరుకీ, ఆ ఊరి నేత పద్ధతికీ జీఐ కంచె లాంటిది. వేరే ఊళ్లో చేసిన బట్టని ఆ పేరుతో అమ్మితే తప్పు.

కంచె ఉంది కానీ కాపలా మాటేమిటి? సూరత్ నుంచి వచ్చే ఇక్కత్ ప్రింటు చీరలు కొన్ని వందల రూపాయలకి ఏ సంతలోనైనా దొరుకుతాయి. నకిలీ దొరికితే ఫిర్యాదు చేయాల్సింది, కోర్టు చుట్టూ తిరగాల్సింది జీఐ హక్కున్న సంఘాలే. రోజూ మగ్గం ఎక్కితేనే పూట గడిచేవాళ్లకి ఆ తీరిక ఎక్కడిది? 1985లో తెచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం కథా ఇలాంటిదే. మొదట 22 రకాల బట్టలని మరమగ్గాలు ముట్టుకోకూడదన్నారు. మరమగ్గాలవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1993లో కోర్టు చట్టాన్ని సమర్థించింది. తర్వాత ఆ 22 కాస్తా 11కి తగ్గాయి. చట్టం ఇప్పటికీ ఉంది. షాపులో చీర కొనేటప్పుడు దాని ఉనికి మాత్రం ఎవరికీ తెలియదు.

(నకిలీని పట్టుకునే చిట్కాలు అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. ఇక్కత్ అయితే చీర తిరగేయండి. దారానికే రంగు పట్టించి నేస్తారు కాబట్టి రెండు పక్కలా బొమ్మ ఒకేలా ఉండాలి, బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు ఉండాలి. గీత గీసినంత శుభ్రంగా ఉంటే అనుమానించండి. నేసేటప్పుడు బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా అడ్డంగా పెట్టే కర్రకి సూదులుంటాయి, వాటి చిన్న చిన్న చిల్లులు అంచుల వెంట కనిపిస్తాయి. ఇంతా చూసినా తెలిసేది బట్ట గురించే, మనిషి గురించి కాదు.)

అసలు చిక్కు ఇక్కడే. ఒకే వీధిలో ఇద్దరు మాస్టర్ వీవర్లు, అంటే పట్టూ రంగూ తామే కొని, మజూరీ (నేత కూలి) ఇచ్చి నేయించుకుని అమ్మేవాళ్లు, ఉన్నారనుకుందాం. ఒకాయన చీర దిగిన రోజే డబ్బు చేతిలో పెడతాడు. ఇంకొకాయన అమ్ముడుపోయాక చూద్దాం అంటాడు, దారం చిక్కుపడితే మజూరీలో కోస్తాడు. ఇద్దరి చీరలకీ అవే మూడు ముద్రలు పడతాయి.

800 రూపాయలా, 187 రూపాయలా

నేతగాడికి ఎంత ముడుతుంది అన్న ప్రశ్నకి వ్యాపారులు నిజంగానే ఒక జవాబు చెబుతారు. అందులో అబద్ధం ఉండదు, అదే దాని గొప్పదనం. కింది అంకెలు అర్థం కావడం కోసం నేను వేసుకున్న ఊహా లెక్క. వాటిని ఏ ఒక్క ఊరికీ అంటగట్టొద్దు.

ఒక పట్టు ఇక్కత్ చీరకి కుటుంబానికి 4,000 రూపాయల మజూరీ. మగ్గం మీద చీర దిగడానికి 5 రోజులు. రోజుకి 800 అన్నమాట. టౌన్లో మేస్త్రీకి వచ్చేంత. "ఇంతకంటే ఏం కావాలండీ?" అంటారు.

ఇప్పుడు అదే కుటుంబాన్ని ఇంటి లోపల నుంచి చూద్దాం. మగ్గానికి ఒకసారి నిలువునా ఎక్కించే దారాల వరసని పడుగు అంటారు. పడుగుకి 7 చీరలనుకుంటే నేతకి 35 రోజులు. కానీ పడుగు దానంతటది మగ్గం ఎక్కదు. పట్టు చిలపలు (దారం చుట్టలు) విడదీసి చుట్టాలి. పేకకి, అంటే అడ్డంగా నేసే దారానికి, ఆసు పోయాలి (ఇదేమిటో కింద చెబుతాను). రంగు అంటకూడని చోటల్లా సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతో చిటికి కట్టాలి. రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, కట్లు విప్పాలి, రెండో రంగు కోసం మళ్లీ కట్టాలి. పడుగు సాగదీసి సరిచేయాలి. పాత పడుగు కొసలకి కొత్త పోగులు ఒక్కొక్కటీ అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. వీటన్నిటికీ ఇంకో 25 రోజులు. మొత్తం 60 రోజులు. మగ్గం మీద కూర్చున్నది ఒక్కడే అయినా, పని చేసింది ఆయన, ఆయన భార్య, సగం పూట వాళ్లమ్మ. ఇద్దరున్నర మనుషులు, 60 రోజులు, అంటే 150 పనిదినాలు. 7 చీరల మజూరీ 28,000ని 150తో భాగిస్తే రోజుకి 187 రూపాయలు కూడా పూర్తిగా రాదు.

అదే చీర, అదే కుటుంబం, అదే మజూరీ. మగ్గం మీది రోజులు మాత్రమే లెక్కపెడితే 800. చేతులన్నిటినీ లెక్కపెడితే 187. పోల్చుకోవడానికి చెబుతున్నాను, 2024-25లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ పనికి రోజు కూలి 300. నేత పిల్లలు మగ్గం ఎందుకు ఎక్కడం లేదని సెమినార్లలో ఆశ్చర్యపోయేవాళ్లు ఈ భాగహారం ఒకసారి కాగితం మీద వేసుకుంటే చాలు.

దేశం మొత్తం మీద చూసినా పరిస్థితి దీనికి దూరంగా లేదు. 2019-20 నాలుగో చేనేత గణనలో తేలిన కార్మికులు 35.22 లక్షల మంది. పదేళ్ల ముందు గణనలో వాళ్లు 43 లక్షల పైచిలుకు. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండొంతుల ఇళ్ల రాబడి నెలకి 5,000 రూపాయల లోపే. మొత్తం కార్మికుల్లో 72 శాతం మంది ఆడవాళ్లు. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం మీద కూర్చునేది వాళ్లే. మన దగ్గర ఎక్కువ ఊళ్లలో మగ్గం మగవాడిది, దాని ముందు పనంతా ఆడవాళ్లది. అందుకే మన దగ్గర వాళ్ల పని మజూరీ చీటీలో కనిపించదు.

ఆసు సంగతే తీసుకోండి. అర్ధచంద్రాకారంలో ఉండే చట్రం మీద మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి వేల సార్లు చెయ్యి ఆడాలి. ఐదారు గంటల పని. యాదాద్రి జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం చిన్నప్పటి నుంచీ చూసింది తన తల్లి భుజం నొప్పినే. ఏళ్ల తరబడి కుస్తీ పట్టి ఆయన చేసిన ఆసు యంత్రం ఆ పనిని గంటన్నరకి తెచ్చింది. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాకు ఈ కథలో ఎప్పుడూ తట్టేది ఒకటే. ఆ పనికి ఇంటి బయటి మనిషిని పెట్టుకుని ప్రతి గంటకీ కూలి కట్టాల్సి వచ్చి ఉంటే, ఆ యంత్రం ఇంకో యాభై ఏళ్ల ముందే ఎవరో ఒకరు చేసి ఉండేవారు. ఊరికే జరిగిపోయే పనికి యంత్రం ఎవరు చేస్తారు?

ప్రభుత్వ పథకాల్లోనూ ఈ లెక్క తేడా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన నేతన్న నేస్తం కింద ఏడాదికి 24,000 ఇచ్చారు, సొంత మగ్గం ఉన్న కుటుంబానికి. షెడ్డులో మగ్గం అద్దెకి తీసుకుని కూలికి నేసేవాళ్లు, కండెలు చుట్టి బతికే ఒంటరి ఆడవాళ్లు ఆ గీతకి అవతల ఉండిపోయారు. తెలంగాణలో పొదుపు పథకంగా వచ్చిన నేతన్నకు చేయూతలో కార్మికుడు తన రాబడిలో 8 శాతం వేసుకుంటే ప్రభుత్వం 16 శాతం కలిపింది. అందులో రంగులద్దేవాళ్లకీ, చిటికి కట్టేవాళ్లకీ చోటు దొరికింది. ఏ పథకం గొప్పది అన్న గొడవలోకి నేను పోను. కార్మికుడు అనే మాటకి ఎవరు ఏ అర్థం ఇచ్చుకున్నారన్నదే ఇక్కడ ముఖ్యం.

నరసాపురం మెట్ల మీద

మగ్గం లేని చేతిపని ఇంకా ఘోరం. గోదావరి జిల్లాల లేసు పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ మధ్యాహ్నం పూట అరుగుల మీద, మెట్ల మీద కూర్చుని ఆడవాళ్లు క్రోషే సూదులతో అల్లుతుంటారు. ఆ లేసు సముద్రాలు దాటి యూరప్‌లో, అమెరికాలో డైనింగ్ టేబుళ్లెక్కింది. 2024లో దానికి జీఐ కూడా వచ్చింది.

1970ల చివర్లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ ఊళ్లలో ఉండి పరిశోధన చేసి, 1982లో దాన్ని పుస్తకంగా వేశారు. లేసు అల్లే వాళ్లని అందరూ ఇల్లాళ్లు అంటారు తప్ప కార్మికులు అనరు. అది తీరిక వేళ కాలక్షేపం అంటారు. రోజుకి ఆరేడు గంటలు అల్లినా అది కాలక్షేపమే. ఆ మాట వల్లే వాళ్లకి పొలం కూలీల కన్నా తక్కువ ముట్టేది. గడప దాటకుండా పని చేసుకోవడం మర్యాద అనుకున్న కుటుంబాల్లో బయట రేటెంత పలుకుతుందో అడిగే వీలే లేదు. మధ్యలో ఏజెంటు, ఆ పైన ఎగుమతిదారు. కింద ఉన్నవాళ్లకి ఒకరి ముఖం ఇంకొకరికి తెలిసినా, ఒకరి రేటు ఇంకొకరికి తెలియదు.

విచిత్రం ఏమిటంటే, ప్రపంచంలో ఫెయిర్ ట్రేడ్ ఉద్యమం మొదలైందే ఇలాంటి ఆడవాళ్ల సూది పనితో. 1946లో ఎడ్నా రూత్ బైలర్ అనే అమెరికన్ మహిళ ప్యూర్టోరికో వెళ్లినప్పుడు అక్కడి పేద స్త్రీల ఎంబ్రాయిడరీ చూసి, కొని తెచ్చి, మధ్యవర్తులు లేకుండా తన పరిచయస్తులకి అమ్మడం మొదలుపెట్టింది. కాఫీ, చాక్లెట్ల మీద మనకి కనిపించే ముద్రలు చాలా తర్వాత వచ్చాయి. కాఫీ మీద మొదటి ముద్ర పడింది 1988లో, నెదర్లాండ్స్‌లో.

మన గడ్డ మీద ఇంకా ముందే ఇలాంటి వాదన ఒకటి నడిచింది. 1935లో గాంధీ అఖిల భారత చరఖా సంఘాన్ని నిలదీశారు. ఖద్దరు చవగ్గా అమ్మాలన్న ఆత్రంలో నూలు వడికే స్త్రీలకి ఇచ్చేది మరీ కొంచెమైపోయిందని, ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు గిట్టాలని అన్నారు. ధర పెరిగితే ఖద్దరు ఎవరు కొంటారని కార్యకర్తలు కంగారుపడ్డారు. చివరికి అమల్లో ఎనిమిది అణాల కన్నా చాలా తక్కువ దగ్గరే ఆగాల్సి వచ్చింది కానీ, బతకగలిగే కూలి ముందు, అమ్మకం ధర తర్వాత అన్న సూత్రాన్ని సంఘం ఒప్పుకుంది. ఇవాళ విదేశీ సంస్థల పత్రాల్లో కనిపించే లివింగ్ వేజ్ అన్న మాటకీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఫెయిర్ ట్రేడ్ ముద్రలు కూడా ఒకటి కాదు

పత్తి, కాఫీ, టీ లాంటి పంటలకి ఇచ్చే ముద్ర ఒక రకం. దాని వెనక కనీస ధర ఉంటుంది, మార్కెట్ పడిపోయినా అంతకు తగ్గకుండా కొనాలి. ఆదిలాబాద్ ప్రాంతపు పత్తి రైతులతో పని చేసే చేతన ఆర్గానిక్ ఈ దారిలో నడిచింది. అయితే చొక్కా మీద ఫెయిర్‌ట్రేడ్ కాటన్ అని ఉంటే అది పత్తి రైతు వరకే చెప్పే మాట. వడికినవాళ్లు, నేసినవాళ్లు, కుట్టినవాళ్లు దాని కిందకి రారు. గొలుసు మొత్తాన్ని చూసే విడి ప్రమాణం ఒకటి 2016లో వచ్చింది కానీ, దాని కింద నడిచేవి చాలా తక్కువ.

చేతిపనికి ఈ పద్ధతి అసలు పొసగదు. కిలో పత్తికి కనీస ధర పెట్టొచ్చు. జామ్‌దానీ చీరకి ఎలా పెడతారు? పువ్వు పువ్వుకీ పని మారుతుంది. అందుకే వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్ అనే సంస్థ వస్తువుని కాకుండా, దాన్ని చేయించి అమ్మే సంస్థ నడవడికని పరీక్షిస్తుంది. పది సూత్రాలున్నాయి. బాలకార్మికులు వద్దు, ఆడా మగా తేడా వద్దు, పారదర్శకత, పర్యావరణం వగైరా. చదివితే అన్నీ మంచి మాటలే, ఎవరూ కాదనరు. నా దృష్టిలో అసలైన సూత్రం మిగతావాటి మధ్యలో చప్పుడు లేకుండా దాక్కుని ఉంది. చేతివృత్తుల వస్తువులకి ఆర్డరిచ్చే కొనుగోలుదారు, తయారీదారులు అడిగితే కనీసం 50 శాతం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి.

అది ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే మాస్టర్ వీవర్ గురించి మాట్లాడుకోవాలి. ఆయన్ని విలన్ చేసి రాయడం తేలిక, చాలామంది రాశారు కూడా. కానీ పట్టు కొనేది ఆయన, రంగు కొనేది ఆయన, డిజైను గీయించేది, ఆషాఢంలో అమ్మకాలు లేక ఇంట్లో పేరుకుపోయిన చీరల మీద వడ్డీ కట్టేది ఆయనే. చాలాసార్లు ఆయనా అదే కులం, అదే వీధి, ఒకప్పుడు మగ్గం నేసినవాడే. షాపువాళ్లు ఆయన సరుకు తీసుకుని రెండు మూడు నెలల తర్వాత డబ్బు ఇస్తారు. అమ్ముడుపోని చీరలు వెనక్కి పంపుతారు. ఆ ఆలస్యం మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. షాపు మాస్టర్ వీవర్‌ని ఆపుతుంది, ఆయన నేతగాడిని ఆపుతాడు, నేతగాడు కిరాణా కొట్టువాడిని ఆపుతాడు. ఆఖరి మెట్టు మీద ఉన్నవాడికి వడ్డీ లేని అప్పు పుట్టదు.

అప్పుడు మాస్టర్ వీవర్ దగ్గరే అడ్వాన్సు తీసుకుంటాడు. కూతురి పెళ్లికో, ఆసుపత్రికో, మగ్గం బాగుచేయించడానికో. ఈ అడ్వాన్సుకి చాలాసార్లు వడ్డీ ఉండదు, అదే దాని కిటుకు. అది తీరేదాకా వేరేవాళ్లకి నేయకూడదు, మజూరీ పెంచమని గట్టిగా అడగకూడదు. తీరదు కూడా. ఇంకో మాస్టర్ వీవర్ దగ్గరికి మారాలంటే ఆయన పాత అప్పు కట్టి మనిషిని తెచ్చుకోవాలి.

చూడండి, మాట ఒకటే, అడ్వాన్సు. కొనేవాడు సరుకు కోసం ముందే కట్టిన అడ్వాన్సు పై నుంచి కిందికి డబ్బు పంపి, ఎదురుచూపు భారాన్ని కొనేవాడి నెత్తిన పెడుతుంది. మనిషిని కట్టిపడేసే అడ్వాన్సు ఆ భారాన్ని నేతగాడి నెత్తినే ఉంచి, పైగా తాళం వేస్తుంది. నేత రంగంలో న్యాయం తప్పేది ప్రధానంగా ధర దగ్గర కాదు, ఎదురుచూపు దగ్గర అంటాను నేను. చీర ధర రెట్టింపు చేసినా డబ్బు నాలుగు నెలలకి చేరితే నేతగాడి ఇల్లు మారదు. కొంచెం తక్కువ ధరే అయినా పడుగు ఎక్కేటప్పుడు సగం, దిగేటప్పుడు సగం ముడితే, మాస్టర్ వీవర్ని దబాయించగల ధైర్యం వస్తుంది.

సహకార సంఘాలు పెట్టిందే ఈ పని కోసం. నూలు సంఘం ఇస్తుంది, బట్ట సంఘం కొంటుంది, పై స్థాయిలో ఆప్కో లాంటి రాష్ట్ర చేనేత సహకార సంస్థలు అమ్మిపెడతాయి. కాగితం మీద ఇంతకంటే మంచి ఫెయిర్ ట్రేడ్ లేదు. ఆచరణలో పై నుంచి బకాయిలు రాకపోతే సంఘం దగ్గర నూలు కొనడానికి డబ్బుండదు, సభ్యుడు మళ్లీ మాస్టర్ వీవర్ గుమ్మం ఎక్కుతాడు. మళ్లీ అదే, ఎదురుచూపు.

నూలు ఎవరి చేతిలో ఉంది

పట్టు సంగతి సరే, నూలు నేసేవాళ్లకి ఇంకో చిక్కు. చేమగ్గానికి నూలు చిలపల రూపంలో కావాలి. మిల్లులకి కోన్‌లు చుట్టడం లాభం. అందుకే మిల్లులు తమ నూలులో ఇంత వంతు చిలపలుగా ఇవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆ వంతు ఒకప్పుడు 50 శాతం, 2003లో 40, 2019లో 30. దీనికి తోడు 2017లో జీఎస్టీ వచ్చి నూలు మీద 5 శాతం పన్ను పడింది. పక్క చేలో పండిన పత్తి బేళ్లుగా బిగించుకుని ఎక్కడో మిల్లుకి వెళ్లి, నూలై, ధర మారి, మళ్లీ ఆ ఊరికే వస్తుంది. దాని ధర మీద నేతగాడికి ఏ పట్టూ లేదు.

ఈ గొలుసుని చిన్నది చేయాలని దస్త్‌కార్ ఆంధ్ర స్థాపకురాలు ఉజ్రమ్మ మల్ఖా మొదలుపెట్టారు. మల్‌మల్, ఖాదీ రెండూ కలిపిన పేరు. పత్తిని బేలుగా తొక్కించకుండా, చిన్న యంత్రాలతో మగ్గాలకి దగ్గర్లోనే వడికించడం ఆలోచన. బట్ట మెత్తగా, గాలాడేలా వస్తుంది, మా ఇంట్లో రెండు చొక్కాలున్నాయి. మిల్లు నూలుతో పోలిస్తే ఖర్చు ఎక్కువ కాబట్టి పెద్దగా విస్తరించలేదు. అయినా న్యాయమైన బట్ట అంటే మగ్గం దగ్గర మొదలవదు, పత్తి దగ్గర మొదలవుతుంది అని చూపించిన ప్రయోగం అది.

ముద్ర లేకపోతే అన్యాయమేనా

కాదు. ఫెయిర్ ట్రేడ్ పరీక్షకి ఫీజులుంటాయి, ఇంగ్లిష్‌లో రికార్డులుండాలి, ఎగుమతి ఆర్డర్లుంటేనే గిట్టుబాటు. నలభై మగ్గాల చిన్న సంఘం ఆ జోలికి పోలేదంటే మోసం చేస్తోందని కాదు. ముద్ర ఉన్నవాళ్లందరూ ప్రతి పడుగుకీ సరిగ్గా లెక్క కడుతున్నారనీ కాదు. ముద్ర అంటే ఎవరో వచ్చి అడిగారని, వీళ్లు పుస్తకాలు తెరిచి చూపించారని మాత్రమే.

ఇప్పుడు చాలామంది నేత కుటుంబాల కుర్రాళ్లు వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో నేరుగా అమ్ముతున్నారు. యూట్యూబ్ లైవులో "అక్కా, స్క్రీన్‌షాట్ పెట్టండి, సింగిల్ పీస్" అని అరిచే వాళ్లలో అసలు నేతింటి వాళ్లూ ఉన్నారు, పక్కా వ్యాపారులూ ఉన్నారు. మధ్యవాడు లేకపోతే అంతా నేతగాడికే అనుకోవడం తొందరపాటే. మధ్యవాడు పోయాడు గానీ ఆయన పని పోలేదు. ఫొటోలు, ప్యాకింగు, కొరియర్, అర్ధరాత్రి మెసేజులకి జవాబులు, ఇవన్నీ ఇప్పుడు ఆ ఇంటి మీదే పడ్డాయి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ రిటర్నులు. పెళ్లికి కట్టుకుని, ఫొటోలు దిగి, రంగు నచ్చలేదని వెనక్కి పంపేవాళ్లని పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి. ఒక చీర డబ్బుతో తర్వాతి పడుగు కొనేవాడు తట్టుకోలేడు.

కొనేటప్పుడు మనం అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. "ఇది నిజమైన చేనేతేనా?" అన్న ప్రశ్న అందరూ అడిగేదే, దానికి జవాబులు కంఠస్థం చేసి పెట్టుకున్నారు. "ఈ చీరకి డబ్బు ఎప్పుడు కట్టారు, అమ్మాక కడతారా, దిగగానే కట్టారా?" అని అడగండి. "ఆసు, చిటికి ఎవరు చేశారు, వాళ్లకి విడిగా ఇస్తారా?" అని అడగండి. "అమ్ముడుపోకపోతే ఎవరికి వెనక్కి వెళ్తుంది?" అని కూడా. షాపు కుర్రాడికి తెలియదు, తెలియకపోవడం అతని తప్పు కాదు. కానీ నెలకి పదిమంది అడిగితే ఆ ప్రశ్న యజమాని దాకా చేరుతుంది. నిజాయితీగా చేసేవాళ్లకి ఈ ప్రశ్నలంటే ఇష్టం, అడిగిందే తడవు పుస్తకం తెరుస్తారు.

మేం ఆ షాపులో చీర కొనలేదు. మా చెల్లెలు తెలిసినవాళ్ల ద్వారా ఒక నేత కుటుంబానికి ఫోన్ చేసింది. వాళ్లు ధర చెప్పి, సగం ముందు కావాలన్నారు, ఎందుకంటే పట్టు తేవాలి. ఆమె మిగతా సగం కూడా చీర మగ్గం దిగిన రోజే పంపింది, కొరియర్ చేరేదాకా ఆగలేదు. మధ్యలో వారం పాటు వానలు పడ్డాయి. వాళ్లది గుంటమగ్గం, గుంటలోకి నీళ్లూరితే కాళ్లు పెట్టి తొక్కడానికి ఉండదు, పడుగు చెమ్మ పడుతుంది. చెప్పిన తేదీకి చీర రాలేదు. ఇంట్లో కాస్త టెన్షన్ పడ్డాం, పెళ్లికి నాలుగు రోజుల ముందు చేరింది. మీరూ అలా ఆర్డరిస్తే, వానాకాలం అయితే గనక, గుంటలో నీళ్లు తోడుకునే రోజులు కూడా కలుపుకుని తేదీ చెప్పండి.